ల్యాప్‌టాపునకు తాకుతెర యవసరమా?

ప్రతి సంవత్సరమును పదవ తరగతి ఫలితములు వెలువడిన పిమ్మట మా పాఠశాల వసారాలో తల్లిదండ్రులు మమ్ము నిలిపి యడుగు ప్రశ్నలు కొన్ని కలవు. పిల్లవానిని ఏ కళాశాలలో చేర్పింపవలెను? గణితము మేలా, జీవశాస్త్రము మేలా? హాస్టలులో నుంచవచ్చునా? ఈ ప్రశ్నల వరుసలో కొన్ని యేండ్లుగా మఱియొకటి వచ్చి చేరినది. "మాస్టారూ, అబ్బాయికి ల్యాప్‌టాపు కొనవలెనని యున్నాము. టచ్‌స్క్రీను ఉన్నది కొనుమందురా, లేనిది కొనుమందురా?" అని యడుగుచున్నారు.

ఇది స్వల్ప విషయమనియు, పాఠశాల వార్షిక సంచికలో చర్చింపదగినంతటిది కాదనియు కొంద ఱనవచ్చును. మేమట్లు తలంపము. ఒక కుటుంబము నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము ఏ వస్తువుమీద వెచ్చింపబడుచున్నదో, ఆ వస్తువు మంచి చెడ్డలను తెలిసికొని చెప్పుట ఉపాధ్యాయులకు తగిన పనియే. మఱియు వస్తువును ఎన్నుకొనునపుడు బుద్ధి నుపయోగించుట ఎట్లో పిల్లలకు నేర్పుట పాఠము చెప్పుటలో భాగమే గాని వేఱు కాదు. కావున ఈ యేడు ఈ ప్రశ్ననే తీసికొంటిమి.

ముందుగా ఒక చిన్న సంగతి చెప్పెదము. మాకు దానిని తలచినపుడెల్ల మనస్సు నొచ్చుచుండును. మా యొద్ద చదివిన యొక బాలుని తండ్రి మగ్గము నేయువాడు. కుమారునకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినదను సంతోషమున ఆయన చీటీ పాడుకొని ల్యాప్‌టాపు కొనుటకు పట్టణమునకు పోయెను. దుకాణములోని యువకుడు రెండు యంత్రములను చూపెనట. రెంటికిని లోపలి భాగము లించుమించు సమానములే. ఒకదానికి మాత్రము తెరను తాకిన పలుకును, వెల యెక్కువ. "ఇప్పుడు ఫోనులన్నియు వ్రేలితో తాకునవే గదా. తాకిన పలుకని కంప్యూటరు పాతకాలపుది. మీ వాడు తోటివారిలో చిన్నబోవును" అని యాతడు చెప్పెనట. తన కొడుకు చిన్నబోవునన్న మాట విని ఓర్చుకొను తండ్రి యెవడు? ఎక్కువ వెలదియే కొనెను.

కొన్ని నెలలకు ఆ బాలుడు మూత వేయునపుడు మీటలమీద ఒక పెన్సిలు మఱచిపోయెను. తెర పగిలెను. బాగుచేయు వానియొద్దకు పోగా, తాకుటకు పైనుండు గాజును, బొమ్మను చూపు పలకయు ఒకదాని కొకటి యతికింపబడి యున్నవి గాన రెంటిని కలిపియే మార్పవలెనని చెప్పెను. దాని వెల విని తండ్రి మాటలాడక తిరిగి వచ్చెను. సెలవులకు వచ్చిన బాలుని మేము, "ఆ తాకుతెర నీకెంత యుపయోగపడినది?" అని యడిగితిమి. వాడు తల వంచుకొని, "మొదటి పది దినములు, సార్" అనెను. ఈ వ్యాసమునకు మూలము ఆ మూడు మాటలే.

తాకుతెర నిన్న మొన్న పుట్టిన వింత కాదు. ఇంగ్లాండులోని మాల్వర్న్ నందలి రాజకీయ రాడార్ పరిశోధనాలయమున పనిచేసిన ఇ. ఏ. జాన్సన్ అను నాతడు 1965లోనే వ్రేలితో తాకి పనిచేయించు తెరను గూర్చి ప్రకటించెను. విమానముల రాకపోకలను చూచువారికి అది తోడ్పడునని యాతని తలంపు. 1972 ప్రాంతమున అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారి ప్లేటో అను బోధనా యంత్రము యొక్క నాలుగవ రూపమునకు తాకుతెర యమర్చిరి. నిలువున 16, అడ్డముగ 16 కనబడని కిరణముల వలయొకటి తెర ముందు పఱచియుండును. విద్యార్థి జవాబున్నచోట వ్రేలుంచగా కిరణములు తెగి యంత్రము గ్రహించును. అనగా తాకుతెర పుట్టిన కొలది కాలమునకే బడిలో నడుగు పెట్టినదన్న మాట.

ఇప్పటి తెరలు పనిచేయు తీరు వేఱు. గాజు క్రింద కంటికి కనబడని పలుచని విద్యుద్వాహక పూత యుండును. ఇండియము, తగరము కలిసిన ఆక్సైడును తఱచుగా అందులకు వాడుదురు. ఆ పూత అడ్డగీతలుగను నిలువుగీతలుగను తీర్పబడి, అందు స్వల్పమైన విద్యుత్తు నిలిచి యుండును. మన వ్రేలు నీటితోను లవణములతోను కూడినది గాన విద్యుత్తును గ్రహింపగలదు. వ్రేలు దగ్గఱకు రాగానే ఆ చోటి విద్యుత్తులో కలుగు మార్పును లెక్కకట్టి, తాకిన చోటు ఇది యని యంత్రము తెలిసికొనును. గోటితో తాకిన పలుకకపోవుటకును, మామూలు చేతితొడుగు వేసికొన్న పలుకకపోవుటకును, తడి చేతితో తాకిన తికమకపడుటకును కారణ మిదియే. భౌతికశాస్త్రము చదువు పిల్లలు ఈ సంగతిని తమ పాఠములోని కెపాసిటరుతో పోల్చి చూచుకొందురు గాక.

ఇంత చక్కని సాధనము బల్లమీది కంప్యూటరునకు వచ్చినపుడు ఏమి జరిగినదో చరిత్ర చెప్పుచున్నది. 1983లో హ్యూలెట్ ప్యాకార్డ్ వారు హెచ్‌పీ-150 అను కంప్యూటరును విక్రయమునకు తెచ్చిరి. దాని 9 అంగుళముల తెర చుట్టును చిన్న చిన్న రంధ్రములుండి, వానినుండి కిరణములు ప్రసరించుచుండెను. ఆ రంధ్రములలో దుమ్ము చేరినపుడు తెర సరిగా పలుకకుండెను. అంతకంటె పెద్ద చిక్కు వాడువాని భుజమునకు వచ్చినది. నిలువుగా నున్న తెరపైకి చేయి చాచి కొంతసేపు పనిచేయగా భుజము లాగును, చేయి బరువెక్కును. ఇట్టి తెరల ముందు కూర్చుండువారి బాధకు ఆంగ్లేయ భాషలో హాస్యముగా 'గొరిల్లా చేయి' అని పేరు పెట్టిరి.

ఈ బాధ యెట్టిదో మా ఉపాధ్యాయుల కెవ్వరును చెప్పనక్కఱలేదు. నల్లబల్లపై వరుసగా నాలుగు తరగతులకు లెక్కలు వ్రాసి వచ్చిన మాస్టారి కుడి భుజము సాయంకాలము ఎట్లుండునో ఆయన యింటివారి నడిగిన చెప్పుదురు. నల్లబల్ల నిలువుగా నుండుట వ్రాయువాని సుఖము కొఱకు కాదు. నలుబదిమంది చూచుట కొఱకు. ఒక్కడు కూర్చుండి వ్రాసికొనుటకు నిలువుపలకను కోరినవాడు ఏ కాలమునను లేడు.

మన దేశములో వ్రాత యెట్లు సాగినదో ఒక్క క్షణము తలంచి చూతము. పూర్వపు వీధిబడులలో పిల్లవాడు నేలపై పఱచిన యిసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివాడు. వ్రేలే వాని మొదటి కలము. ఆ యిసుక నేలపైనే యుండెను గాని గోడమీద నుండలేదు. తాటాకుపై గంటముతో వ్రాసిన లేఖకుడు ఆకును ఎడమచేత పట్టుకొని వ్రాసెను. పలకయు బలపమును వచ్చిన తరువాత పలక యొడిలో చేరినది. కాగితము బల్లమీద పఱచుకొన్నది. చేయి క్రింద నేదియో ఒక యాధారముండవలెను, మణికట్టు విశ్రమింపవలెను, వ్రేళ్లు మాత్రము కదలవలెను. వేలయేండ్ల యనుభవము నేర్పిన ఈ సూత్రమును క్రొత్త యంత్రము వచ్చినంతమాత్రమున మన భుజము మఱచిపోదు.

కావున మా యభిప్రాయమును ఇక్కడనే స్పష్టముగా చెప్పుచున్నాము. పలకవలె పడుకొనబెట్టగల తెరకు స్పర్శ ప్రాణము వంటిది. గోడవలె నిలిచియుండు తెరకు అది యాభరణము వంటిది. ప్రాణమునకు వెల యీయవచ్చును. ఆభరణమునకు అప్పుచేసి వెల యీయరాదు.

"అట్లయిన ఫోనులలో తాకుతెర యింతగా నెట్లు నెగ్గినది?" అని యడుగువారు కలరు. ఆ ప్రశ్నయే మా మాటను బలపఱచుచున్నది. 2007లో ఐఫోనును, 2010లో ఐప్యాడును వచ్చిన పిమ్మట లోకమంతయు వ్రేలితో పనిచేయుటకు అలవాటుపడినది నిజము. ఆ వస్తువులు చేతిలో నిమిడి యుండునవి, ఒడిలో నొదిగి యుండునవి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలల ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచినపుడు, పిల్లలు వానిని పలకవలె పట్టుకొని చూచుకొనిరే గాని ఎదుట నిలువబెట్టుకొని చేయి చాపలేదు. ఫోనును పలకగను, ల్యాప్‌టాపును తెఱచిన పెట్టెగను తలంచిన, భేదము తనంత తానే తెలియును.

ఈ భేదమును పెద్ద పెద్ద సంస్థలే యొకప్పుడు తేలికగా తీసికొన్నవి. 2012 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 8 ను ప్రకటించిరి. తాకుతెరకు అనువుగా నుండుటకై పెద్ద పెద్ద పలకలవంటి గడులతో క్రొత్త ముఖద్వారమును నిర్మించి, ఏండ్ల తరబడి జనులకు అలవాటైన స్టార్టు బొత్తామును తీసివేసిరి. మౌసుతో పనిచేయువారు దారి తప్పినవారివలె వెదకుకొనిరి. మఱుసటి యేడు అక్టోబరులో 8.1 తో బొత్తాము మరల వచ్చెను. 2015 జులైలో విండోస్ 10 తో పూర్వపు జాబితాయు తిరిగి వచ్చెను. మఱియొక వైపున ఆపిల్ సంస్థాధిపతి స్టీవ్ జాబ్స్ 2010 అక్టోబరులోనే, నిలువు తెరలను తాకుట కొంతసేపటికి చేతిని అలయించునని తమ పరీక్షలలో తేలినట్లు బహిరంగముగా చెప్పెను. ఇరువురును సమర్థులే. ఒకరు చేయి యెక్కడ నుండునో తలంచి తెరను నిర్మించిరి. వేఱొకరు తెరను నిర్మించి చేయి యక్కడికి వచ్చునని తలంచిరి.

ఇక తాకుతెరను కోరువారి వాదమును న్యాయముగా వినవలెను. వారు చెప్పు మొదటి మాట యిది: పుట జరుపుటకును, బొమ్మను పెద్దది చేయుటకును, "సరే" యను బొత్తామును నొక్కుటకును వ్రేలు సులభము గదా! అవును, సులభమే. కాని ఆ పనులనే మీటల క్రిందనున్న టచ్‌ప్యాడు చేయుచున్నది. రెండు వ్రేళ్లను దానిపై జరిపిన పుట జరుగును. రెండు వ్రేళ్లను ఎడము చేసిన బొమ్మ పెరుగును. చేయి బల్ల విడువ నక్కఱలేదు. మఱియు వ్రేలికొన మొద్దు. అది తెరను తాకుచోటు ఇంచుమించు ఒక సెంటీమీటరు వెడల్పుండును. అది దేనిపై నున్నదో దానినే కప్పివేయును. మౌసు బాణపు మొన సూదివంటిది. లెక్కల పట్టికలో సన్నని గడినో, రెండక్షరముల నడుమ చోటునో పట్టుకొనవలసినపుడు మొద్దు వ్రేలు తడబడును. లక్ష్యము చిన్నదైన కొలదియు, దూరమైన కొలదియు దానిని చేరుటకు కాల మెక్కువ పట్టునని 1954లో పాల్ ఫిట్స్ అను అమెరికా మనశ్శాస్త్రవేత్త సూత్రముగా చెప్పెను. అది యంత్రములకు పూర్వమే మన చేతులు ఎఱిగిన సత్యము.

వారి రెండవ మాట: పిల్లలకు ఫోను అలవాటైనది గాన కంప్యూటరును అట్లే యుండుట మంచిది. ఇందు మాకు బొత్తిగా సమ్మతి లేదు. విద్యార్థి ల్యాప్‌టాపు కొనుట ఫోనులో చేయలేని పనిని చేయుటకు. ఆ పనులలో మొదటిది వ్రాయుట. పేజీల కొలది వ్యాసమును వ్రాయుటకు మీటలు కావలెను. మీటల వరుసలో ఎఫ్, జే అను రెంటిపై చిన్న గీతవలె ఎత్తుగా నొకటి యుండునని మీరు గమనించితిరా? చూపుడు వ్రేళ్లు చూడకయే తమ యింటిని గుర్తించుట కది. నున్నని గాజుపై అట్టి గుర్తు లేదు. ప్రతి యక్షరమునకును కన్ను క్రిందికి దిగవలెను. మన తెలుగునకే ఇన్‌స్క్రిప్టు అను మీటల యమరిక యున్నది. అచ్చులు ఎడమచేతి క్రిందను, హల్లులు కుడిచేతి క్రిందను వచ్చునట్లు దానిని కూర్చిరి. తెలుగున నేర్చినవాడు ఆ తీరుననే హిందీయు తమిళమును కొట్టగలడు. నెల దినములు దినమున కఱగంట చొప్పున సాధన చేసినవానికి జీవితాంతము మిగులు విద్య యది. తెరను తాకుటకు విద్య యక్కఱలేదు. అందుచేతనే అది నేర్పునదియు తక్కువ.

ఇంతవఱకు విన్నవారు మమ్ము తాకుతెరకు శత్రువులని తలంపవచ్చును. కాము. మాకు దాని మేలు కన్నులార చూచిన సందర్భములు రెండు కలవు. వానిని దాచుట న్యాయము కాదు.

2020 మార్చిలో బడులు మూతపడినపుడు మా గణితోపాధ్యాయు లొకరు ఇంటినుండియే పాఠము చెప్పవలసి వచ్చెను. మీటలతో భిన్నమును వ్రాయుట యెట్లు? వర్గమూలపు గుర్తు పెట్టుట యెట్లు? త్రిభుజమున లంబమును దింపుట యెట్లు? మౌసు పట్టుకొని వ్రాసిన అంకెలు కోడి గెలికినట్లుండెను. కొన్ని వారములు ఆయన కాగితముపై వ్రాసి ఫోనుతో పటము తీసి పంపుచు శ్రమపడిరి. పిమ్మట బంధువు లొకరు తెర వెనుకకు పూర్తిగా మడచుకొని పలకగా మారు ల్యాప్‌టాపును, దానితోడి కలమును ఎరువిచ్చిరి. తెరను బల్లమీద పడుకొనబెట్టి, అఱచేతిని దానిపై నానించి, నోటుపుస్తకములో వలెనే ఆయన వ్రాయసాగిరి. లెక్క యొక్కొక్క మెట్టుగా విప్పుట పిల్లలు తమ యిండ్లలో చూచిరి. ఆ దినమున తాకుతెర ఆభరణము కాదు. అదియే నల్లబల్ల, అదియే బలపము.

ఇట్లు మడచుకొను ల్యాప్‌టాపులు 2012 నుండి విరివిగా వచ్చుచున్నవి. లెనోవో వారి యోగా యను యంత్రము ఆ సంవత్సరముననే తెరను 360 డిగ్రీలు త్రిప్పు బందులతో వెలువడినది. ఇట్టి యంత్రములలో మేలైన వానికి తగిన కలము కూడ నుండును. ఆ కలము తెరకు దగ్గఱగా వచ్చినపుడు అఱచేతి తాకుడును లెక్కచేయక కలపు మొననే యంత్రము గ్రహించును. చిత్రలేఖనము నేర్చువారికిని, రసాయన సూత్రములు, జ్యామితి పటములు గీయువారికిని, గుణింతములు వత్తులు చేతితో వ్రాసి తెలుగును యంత్రమున కెక్కింప గోరువారికిని ఇది నిక్కమైన సహాయము. ఇందును మూలసూత్ర మదియే: తెర పడుకొన్నది గాన చేయి నిలిచినది.

రెండవ సందర్భము మఱియు ముఖ్యమైనది. మా విద్యార్థులలో నొక బాలికకు చిన్ననాటి జబ్బుచేత చేతివ్రేళ్లు సరిగా విడిపడవు. టచ్‌ప్యాడుపై నొకవ్రేలు నొక్కిపట్టి మఱియొక వ్రేలిని జరుపుట ఆమెకు కష్టము. మౌసు బొత్తామును వెంటవెంటనే రెండుమాఱులు నొక్కుటయు కష్టమే. కంప్యూటరు గదిలో ఆమె తఱచుగా వెనుకవరుసలో కూర్చుండి చూచుచుండెడిది. ఒకనాడు తాకుతెర యంత్రమును ఆమె యెదుట నుంచగా, వ్రేళ్ల కణుపులతో తాకి తన బొమ్మను తానే గీసికొనెను. తెర నిలువుగనే యున్నది, చేయి యలసినది, ఐనను ఆమె లేవలేదు. తక్కినవారికి ఆభరణమైనది ఈమెకు ద్వారమైనది. అట్టి పిల్లల విషయమున మేము వెల యడుగము. మా సూత్రమునుగూడ ప్రక్కన బెట్టుదుము. ఎవ్వరును అడుగరాదు.

ఇక లోపముల సంగతి క్లుప్తముగా చెప్పెదము. తాకుతెర వ్రేలి కొఱకు ఎల్లప్పుడును మేలుకొని యుండవలెను గాన బ్యాటరీ కొంత త్వరగా తఱుగును. పైగాజు మెఱయుచుండుటచే కిటికీ యెదుట కూర్చున్నవానికి పాఠమునకు బదులు తన ముఖమే కనబడును. వ్రేలిముద్రలు పడి మఱకలగును. మధ్యాహ్న భోజనమైన పిమ్మట మన పిల్లల చేతులు ఎట్టివో మనకు తెలియును. యంత్రము కొంచెము బరువగును. పగిలిన నేమగునో పైన చెప్పియే యున్నాము. ఇవి యొక్కొక్కటి చిన్నవే. కాని లేని యుపయోగమునకు చెల్లించు వెలలో ఇవియును చేరును.

మా పాఠశాల కంప్యూటరు గదికి క్రొత్త యంత్రములు కొనవలెనను ప్రస్తావన వచ్చినపుడు కూడ ఈ వాదమే నడచినది. "తాకుతెర లున్నచో చూచుటకు వచ్చినవారు మెచ్చుకొందురు" అని కొంద ఱనిరి. మెచ్చుకోలు కొఱకు రెండు యంత్రములు తగ్గినచో ఇద్దఱు పిల్లలు నిలుచుండి చూడవలసివచ్చును గదా యని మేమంటిమి. మా సలహా యిది: గదిలోని యంత్రములన్నియు సాదా తెరలతో, గట్టి మీటలతో నుండనిండు. వానికి తోడుగా మడచుకొను తెరయు కలమును గల యంత్రము లొకటి రెండు కొని, వానిని గణితమునకును, చిత్రలేఖనమునకును, చేతులు సహకరింపని పిల్లల కొఱకును ప్రత్యేకింపుడు. అందఱికిని కొంచెము కొంచెము అలంకారము పంచుటకంటె, అక్కఱగలవానికి పూర్తిగా నిచ్చుట న్యాయము.

తల్లిదండ్రులారా, మీరు దుకాణమునకు పోవునపుడు మూడు ప్రశ్నలను వెంట తీసికొనిపొండు. ఒకటి: ఈ తెర పూర్తిగా వెనుకకు మడచుకొని బల్లమీద పడుకొనునా? పడుకొననిచో తాకుతెర సంగతి మఱచిపొండు. రెండు: దీనికి తగిన కలము కలదా, అఱచేయి ఆనించి వ్రాయనిచ్చునా? అక్కడనే మీ పిల్లవానిచేత నాలుగు పంక్తులు వ్రాయించి చూడుడు. మూడు: తాకుతెర కిచ్చు అదనపు సొమ్మునకు సాదా యంత్రములో ఏమి వచ్చును? 8 జీబీకి మాఱుగా 16 జీబీ జ్ఞాపకశక్తి వచ్చునేని, అది నాలుగేండ్ల చదువునకు ప్రతి దినము పనికివచ్చును. ఇంకను సందేహమున్నచో ఒక్క పరీక్ష చేయుడు. దుకాణపు బల్ల యెదుట కూర్చుండి, తెరవైపు చేయి చాచి వ్రేలు తెరకు దగ్గఱగా నుంచి, నెమ్మదిగా నూఱు లెక్కింపుడు. అమ్మువాని మాటకంటె మీ భుజము చెప్పు మాట నమ్మదగినది.

విద్యార్థులారా, మీకును ఒక మాట. తోటివాని యంత్రము తాకిన పలుకుచున్నదనియు, మీది పలుకదనియు చిన్నబోవకుడు. యంత్రము పలుకుట గొప్ప కాదు; దానిచేత మీరు పలికించునది గొప్ప. మీ తండ్రి చీటీ పాడి తెచ్చిన యంత్రము సాదాదైనను, దాని మీటలపై చూడక వ్రాయుట నేర్చితిరేని, ఒక లెక్కను క్రమముగా పఱచి తేల్చుట నేర్చితిరేని, దాని వెల యిబ్బడిగా తిరిగి వచ్చినట్లే. తాకుతెర కలదియే మీకు దొరికినచో దానిని పడుకొనబెట్టి పలకవలె వ్రాయుడు. ఊరక వ్రేలితో బొమ్మలు జరుపుచు కాలము పుచ్చకుడు.

తెర పగిలిన ఆ బాలుని సంగతి పాఠకు లడుగుదురు. వాడు వేఱొక పాత తెరను తెచ్చి, మూత ప్రక్కన నిలిపి, తీగతో కలిపి, ఆ యేడంతయు అట్లే చదివి పరీక్షలో నెగ్గెను. ఆ పాత తెర తాకిన పలుకదు. వాని తండ్రి చీటీ వాయిదాలు మాత్రము ఇంకను మిగిలియే యుండెను. మఱియొక తండ్రికి అట్టి వాయిదాలు కొన్ని తగ్గినను మేము వ్రాసినది సార్థకమైనదని తలంతుము.